కరెంటు మెట్ల కాడ చెప్పులు

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. దేవుడి మీద పెట్టడం లేదు, నా ఒట్లు వినీ వినీ ఆయన ఎప్పుడో చెవులు మూసుకున్నాడు. నా మెషిన్ సూది మీద ఒట్టు. స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే సూది అది. ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతోంది. దాని మీద ఒట్టేసి అబద్ధమాడితే రేపు ‘అత్తగారి కానుక’ అని కొట్టబోతే ‘అత్తగారి కినుక’ అని పడుతుంది. ఒకసారి అలా పడింది కూడా. ఆ బిందె ఇప్పటికీ హుజూర్‌నగర్‌లో ఒక ఇంట్లో ఉంది. చూసిన వాళ్లు తప్పేం లేదన్నారు.

రోజంతా పేర్లు చెక్కేవాణ్ణి కాబట్టి ఇక్కడ మాత్రం ఒక్క పేరూ రాయను. పేరు కావాలనుకున్నవాళ్లు గిన్నె పట్టుకుని నా దగ్గరికి రావాలి.

మా మాల్ కోదాడ బస్టాండు నుంచి నడిచేంత దూరంలో ఉంటుంది. పదిహేనేళ్ల కిందట కట్టినప్పుడు ఊళ్లో ఆ మాటే కొత్త. కింది అంతస్తులో నాలాంటి వాళ్ల చిన్న చిన్న మడిగెలు. స్టీలు సామాన్ల కొట్టు, దాని మూలన నా మెషిను, ఎదురుగా ఫోన్ కవర్లు, గాజులు, చెరుకు రసం. మొదటి అంతస్తంతా బట్టల షాపులు, నాలుగు. రెండో అంతస్తులోకి సినిమా హాళ్లు వస్తాయన్నారు. పావురాలు వచ్చాయి.

వీటన్నిటికంటే పెద్ద వింత నడిమధ్యన ఉండే ఎస్కలేటర్. మావైపు దాన్ని కరెంటు మెట్లు అనేవాళ్లు. పైకి పోయేది ఒక్కటే పెట్టారు. దిగడానికి మామూలు మెట్లు. ఎక్కించే పూచీ మాది, దిగే కష్టం మీది అన్నమాట. నాట్లు అయిపోయాక అనంతగిరి నుంచి, హుజూర్‌నగర్ నుంచి ఆటోల నిండా జనం దిగేవాళ్లు. కొందరు చీర కొనడానికి, చాలామంది ఉత్తగా ఆ మెట్లెక్కడానికి. తీరా వచ్చాక, నిండుగా పారే కాలువ ముందు నిలబడ్డట్టు నిలబడి, ఒక పాదం ముందుకు చాపి, వెనక్కి లాక్కుని, పక్కనున్న వాళ్లను “నువ్వు పో ముందు” అని తోసేవాళ్లు.

అందుకని మాల్ కట్టిన వాళ్లు, ముగ్గురు అన్నదమ్ములు, ఆడవాళ్లను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించడానికి ఒక మనిషిని పెట్టారు. ఆమెకు ఒక నీలం చీర ఇచ్చి యూనిఫారం అన్నారు. ఈ కథ ఆ నీలం చీరామెదే.

అప్పుడామెకు ముప్పై దాటి ఉంటాయి. అనంతగిరి వైపు మనిషి. అంతకుముందు నాట్లకు పోయేది. నడుము పట్టేసి, ఇక పొలంలో వంగితే మంచం ఎక్కుతావని దవాఖానలో చెప్పాక ఈ పనిలోకి వచ్చింది. చేతిలో ఉన్న పనితనం ఎక్కడికి పోతుంది? వరి నారు నాటినట్టే మనుషుల్ని మెట్ల మీద నాటేది. ఒక మెట్టు విడిచి ఒకరిని, వరస తప్పకుండా.

“కుడికాలు వెట్టు పెద్దమ్మా. కిందికి సూడకు, నా మొకం సూడు. ఆఁ, ఇంకో కాలెత్తు. అయిపాయె, పో!”

ఆ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, రథమెక్కిన దానిలాగా పైకి పోయేది. పైనుంచి కిందికి చూసి, మళ్లీ దిగి వచ్చి, మళ్లీ చెయ్యి చాపేది. కొందరికి చీర కంటే ఆ చెయ్యే నచ్చింది.

ఇక నా పాపం సంగతి. మాల్ తెరిచిన మూడో రోజో నాలుగో రోజో, తోలు చెప్పులు తొడుక్కున్న ఒక ముసలాయన నా మెషిన్ దగ్గర ఆగాడు.

“ఏం నాయనా, గిది ఏడికి పోతది?”

“పైకి పోతది తాతా. గని తోలు చెప్పులంటే దీనికి పడది. మొన్న సూర్యాపేటల ఒకాయనవి మింగింది. ఎంత గుంజినా ఇయ్యలె. మూడోనాడు మిర్యాలగూడల తేలినయి.”

“మిర్యాలగూడలనా?”

“లోపల లోపల అన్నీ కలిసే ఉంటయి తాతా.”

“రెండూ తేలినయా?”

“ఎడమది ఒక్కటే.”

సూర్యాపేటలో అప్పటికి అలాంటి మెట్లు ఉన్నాయో లేదో నాకు తెలియదు. ముసలాయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చెప్పులు విడిచి, గోడవారకు జరిపి, వట్టి కాళ్లతో మెట్లెక్కాడు. ఆయన్ని చూసి వెనకున్నామె విడిచింది. ఆమెను చూసి ఆమె వెనకున్నాయన విడిచాడు. సాయంత్రానికి కరెంటు మెట్ల ముందు, లోపల పెళ్లి జరుగుతున్నట్టు చెప్పుల గుట్ట పడింది. ఆ రోజు నుంచి మా మాల్‌లో మెట్ల కాడ చెప్పులు విడిచే ఆచారం ఆగలేదు. ఊరికి రోడ్లు వేసినవాళ్లు, బడి కట్టినవాళ్లు ఉంటారు. ఆచారం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అని లోపల్లోపల మురిసిపోతూ ఇన్నేళ్లూ బతికాను.

మెట్లు రెండేళ్లు తిరిగాయి. ఒకరోజు కడుపునొప్పి వచ్చినట్టు మూలిగి ఆగిపోయాయి. ఏదో సామాను ఓడలో రావాలన్నారు. ఓడ ఎందాకా వచ్చిందని ఎవరైనా అడిగితే, సాగర్ ఎడమ కాలువలో పడింది, మిర్యాలగూడ దాటితే ఇక మనూరే అని చెప్పేవాణ్ణి. ఆ ఓడ ఇంకా రాలేదు.

కదలని మెట్లు ఎక్కడానికి చెయ్యి ఎందుకు? వచ్చే నెల నుంచి పని లేదని ఆమెకు చెప్పేశారు. మర్నాడు పొద్దున నేను షట్టరెత్తేసరికి నీలం చీరలో వచ్చి, ఆగిన మెట్ల పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

“పని లేదన్నరంట గదమ్మా?” అన్నాను.

“పని లేదన్నరు గని రావొద్దనలె గద అన్నా.”

అన్నదమ్ములు కూడా ఆమెను పొమ్మనలేదు. మెట్లు ఆగినా జనం చెప్పులు విడవడం ఆగలేదు. ఆ గుట్టలో ఒకరివి ఒకరు తొడుక్కుపోయి రోజూ లొల్లి. ఆమె వాటిని జతలు జతలుగా పేర్చి కాపలా కాయడం మొదలుపెట్టింది. పోయేటప్పుడు జనం తోచింది చేతిలో పెట్టేవాళ్లు. ఆమె బతుకు అట్లా చెప్పుల దగ్గర స్థిరపడింది.

టోకెన్లు నా ఆలోచన. స్టీలు కొట్టులో అమ్ముడుపోని చెంచాలు డబ్బాడు పడి ఉండేవి. ఆమె చదువుకోలేదు, వచ్చేవాళ్లలో సగం మందీ అంతే. అందుకని అంకెలు వద్దనుకుని బొమ్మలు కొట్టాను. ఒక్కో బొమ్మ రెండు చెంచాల మీద. ఒకటి చెప్పుల్లో గుచ్చేది, ఒకటి మనిషికి ఇచ్చేది. వంకాయ, చేప, గొడుగు, నాగలి, తేలు, జామకాయ, ఇట్లా దొరికిన ప్రతి బొమ్మా. పేర్లు కొట్టే చెయ్యి నాది, బొమ్మలు గీసే చెయ్యి కాదు. నా నాగలి తిరగేస్తే గొడుగు. వంకాయకూ జామకాయకూ తేడా నాకే తెలిసేది కాదు.

సరదాకు ఒక గాడిదను కూడా కొట్టాను. ఆమె ఆ చెంచాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“గిదేంది, మేకనా?”

“గాడిద.”

“గాడిదను ఎవలికియ్యాలె అన్నా? ఎవలికిచ్చినా కొట్టనొస్తరు.” చెంచాను చీరకొంగుతో తుడిచి సంచి అడుగున వేసుకుంది. “ఉండనీ. తగిన మనిషి రానీ.”

అప్పటి నుంచి మాల్‌లో మనుషులకు కొత్త పేర్లు వచ్చాయి. “వంకాయ ఎవలు? వంకాయ!” అని ఆమె కేకేస్తే పట్టుచీర కట్టుకున్నావిడ గబగబా వచ్చి “నేనే నేనే” అనేది. “తేలు ఇంకా దిగలేదా?” అంటే “తేలు ట్రయల్ రూంల ఉన్నది” అని పైనుంచి ఎవరో జవాబిచ్చేవాళ్లు.

ఒకసారి హుజూర్‌నగర్ అవతలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చాలా పొలం, కొంత వ్యాపారం, మరికొంత రాజకీయం ఉన్న మనిషి. తెల్ల బట్టలు, వెనక నలుగురు. ఆయనకు జామకాయ పడింది. దిగి వచ్చి చెంచా ఇస్తే ఆమె ఆయన ముందు అరిగిపోయిన హవాయి చెప్పులు పెట్టింది.

“ఏందమ్మా గివి? నాయి కావు.”

“వంకాయవి ఇవే గదయ్యా.”

“నేను వంకాయ కాదు!” ఆయన చెంచా పైకెత్తి మాల్ మొత్తానికి వినబడేలా అరిచాడు. “నేను జామకాయ!”

చెరుకు రసం మిషను కూడా ఆగిపోయింది. నలుగురు అనుచరులూ నాలుగు వైపులా తిరిగి దగ్గారు. అయ్యిందిరా నా చెంచాల పని, ఈమె పని అనుకుని నేను మెషిన్ చాటుకు వంగాను. ఆమె మాత్రం చెంచా అందుకుని, వేలితో తడిమి, తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

“తప్పు నాది కాదయ్యా, గీసినాయనది. గిట్లాంటి జామకాయ మీ తోటల కాస్తదా చెప్పుండ్రి?”

పెద్దాయన చెంచాను మళ్లీ తీసుకుని చూశాడు. ఆయన మీసం ముందు కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఎప్పుడొచ్చినా మెట్ల కాడ నిలబడి, “నా జామకాయ ఉన్నదా, ఎవలికన్న ఇచ్చినవా?” అని అడిగేవాడు. ఆమె ఆ చెంచాను ఆయన కోసం పక్కన పెట్టి ఉంచేది.

అట్లా పన్నెండు, పదమూడేళ్లు గడిచాయి. మాల్ ముసలిదైంది. వానొస్తే రెండో అంతస్తు నుంచి కారి, బట్టల షాపుల మధ్య బకెట్లు పెట్టేవాళ్లు. ఏసీ పని చేసేది చెప్పుల మూలలో మాత్రమే, అక్కడే ఎందుకో ఎవరికీ తెలియదు. హైవే మీద కార్లు మమ్మల్ని చూసి కూడా ఆగకుండా అటు సూర్యాపేటకో, ఇటు విజయవాడకో పోయేవి. చివరికి అన్నదమ్ములు మాల్‌ను లోపలి నుంచి మొత్తం కొత్తగా కట్టించాలని నిశ్చయించారు. ఏడాది మూసేస్తారు, కొత్త ముఖం, కొత్త లిఫ్టు, ఎక్కడానికీ దిగడానికీ కరెంటు మెట్లు, పైన పావురాల బదులు నిజంగానే సినిమా.

హైదరాబాదు నుంచి ఒక ఇంజినీరు మేడం వచ్చి కొలతలు తీసుకుపోయింది. నెల తర్వాత మెట్ల ఎదురుగా పెద్ద బొమ్మ వేలాడదీశారు. అందులో మా మాల్ పెళ్లికూతురులా ఉంది. లోపల తిరిగే మనుషులంతా సన్నగా, పొడుగ్గా, తెల్లగా ఉన్నారు. ఒక్కరికీ కోదాడ ఎండ తగిలినట్టు లేదు. కరెంటు మెట్ల మీద అందరూ బూట్లతోనే ఎక్కుతున్నారు. ఆ బొమ్మ పక్కన గీతలతో నేల ప్లాను.

మడిగెలున్న వాళ్లందరికీ కాగితాలు వచ్చాయి, ఏడాది తర్వాత మీ జాగ మీకే అని. నాకు కూడా, నా మూల నాకే. స్టూలు వేసుకున్న మనిషికి మాత్రం కాగితం రాలేదు. మడిగె ఉంటే కదా కాగితం.

వారం రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం జనం లేని వేళ ఆ ప్లాను ముందు నిలబడి, చాలాసేపు చూసింది.

“అన్నా, జర ఇటు రా. కొత్తదాంట్ల నాకు జాగ ఉన్నదా?”

ఆమె గొంతులో బతిమాలడం ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణేమో. బస్సు వస్తుందా అని అడిగినట్టు అడిగింది. కానీ చీర కుచ్చిళ్లు పట్టుకున్న చెయ్యి వదలడం లేదు. ఆ నడుముతో మళ్లీ పొలంలోకి పోలేదు. యాభైకి దగ్గర పడ్డ మనిషిని కొత్తగా పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఈ మూల పోతే ఆమెకు ఇంకో మూల లేదు. నాకు ఇదంతా తెలుసు. తెలిసినప్పుడు నాలాంటివాడి నాలుక ఏం చేస్తుందో మీకూ తెలుసు.

“లేకపోవుడేంది? ఇగో,” అని కొత్త మెట్ల మొదట్లో ఉన్న చిన్న డబ్బా గుర్తు మీద వేలు పెట్టాను. దాని పక్కన ఇంగ్లీషులో మూడు అక్షరాలు. ఎఫ్, హెచ్, సి. “ఎఫ్ అంటే ఫుట్‌వేరు. చెప్పులు.”

“హెచ్?”

“హెచ్ అంటే... హోల్డింగ్. పట్టుకొనుడు.”

“సి?”

“సెంటరు. చెప్పులు పట్టుకునే సెంటరు. నీకోసమే గీసిన్రు. పేరు రాయలేదంతే.”

ఆమె ఆ మూడు అక్షరాలనూ మార్చి మార్చి చూసింది. “మంచిగ రాసిన్రు,” అని తన స్టూలు దగ్గరికి పోయింది.

మర్నాడు నేను వచ్చేసరికి ప్లాను మీద ఆ డబ్బా దగ్గర ఎర్రటి బొట్టుబిళ్ల అతికించి ఉంది. ఆమె నుదుటి మీద బొట్టు లేదు. అంత పెద్ద కాగితంలో తన జాగను మళ్లీ వెతుక్కోనక్కర లేకుండా గుర్తు పెట్టుకుందని నాకు అర్థమయింది. ఆ రోజంతా కొట్టిన పేర్లలో రెండు తప్పులు పడ్డాయి. బిళ్లను పీకేద్దామని సాయంత్రం రెండుసార్లు దాని దాకా పోయాను. ఆమె స్టూలు మీద నుంచి “ఏమన్నా, నీ జాగ కూడా సూసుకుంటున్నవా?” అంది. తిరిగొచ్చేశాను.

తర్వాతి వారం మీటింగు పెట్టారు. ఆ మేడం మళ్లీ వచ్చింది. మడిగెల వాళ్లు, వచ్చీపోయే జనం ఎవరైనా సరే అభిప్రాయం చెప్పొచ్చన్నారు. మొదటి అంతస్తులో బట్టల షాపుల నడుమ కుర్చీలు వేశారు. ముందు వరసలో ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల పక్కన మా జామకాయ పెద్దాయన. వెనక గోడవారకు ఆమె నిలబడి ఉంది. కింద వేలాడే ప్లానును తెచ్చి ఎదురుగా పెట్టారు, బొట్టుతో సహా.

మేడం కర్రతో చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. లిఫ్టు అయింది, పార్కింగ్ అయింది, కర్ర మెట్ల దగ్గరికొచ్చి ఆగింది.

“ఈ స్టిక్కర్ ఎవరు పెట్టారు?”

“నేనే మేడం,” అంది ఆమె వెనక నుంచి. “గది నా జాగ.”

“ఇదా? ఇది ఫైర్ హోస్ కేబినెట్ అమ్మా. నిప్పు అంటుకుంటే వాడే నీళ్ల పైపు ఉండే పెట్టె.”

కుర్చీల్లో నవ్వు లేచింది. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఆ నవ్వు మధ్యలో, అందరి ముందు, గొంతు సవరించుకుని చెప్పాను. అక్కడ జాగ ఉందని అబద్ధం చెప్పింది నేను. ఆ మెట్లు చెప్పులు మింగుతాయని పదిహేనేళ్ల కిందట పుట్టించింది కూడా నేనే. నా అబద్ధం వల్ల జనం చెప్పులు విడిచారు, ఆ చెప్పుల మీద ఈమె బతికింది, కాబట్టి ఈమెకు జాగ లేకపోతే ఆ తప్పు నాది, నా మూల తీసుకుని ఈమెకివ్వండి అన్నాను. నవ్వు ఆగింది.

అప్పుడు మూడో వరసలోంచి ఒక పెద్దమ్మ లేచింది. ప్రతి ఏడూ నాట్లయ్యాక వచ్చి, చీర కొన్నా కొనకపోయినా మెట్లెక్కి పోయే మనిషి.

“గాయన చెప్పిండని ఇడిసినమా మేము? చెప్పులు మింగుతదంటే నమ్మెటంత పిచ్చోళ్లమా? మేము పొలం కాడికెళ్లి బురద కాళ్లతోటి వస్తిమి. ఈడ నేల సూస్తే అద్దం లెక్క ఉండె. ఒకలింట్లకు పోతే బయట ఇడువమా చెప్పులు? గట్లనే ఇడిసినం.”

బట్టల షాపుల్లో పెద్ద షాపాయన, జగ్గయ్యపేట నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, అందుకున్నాడు. “అంతేకాదండీ. మా నాలుగు షాపుల్లోనూ కింద తెల్ల పరుపులే వేస్తాం. చీరలు చూడాలంటే ఎక్కడికక్కడ చెప్పులు విప్పాల్సిందే కదండీ. నాలుగు చోట్ల విప్పి నాలుగు చోట్ల వెతుక్కునే బదులు కిందే ఒక్కసారి విప్పేస్తున్నారు. ఆవిడ ఉంది కాబట్టి మా గుమ్మాల్లో గుట్టలు లేవు.”

పదిహేనేళ్లుగా నేను మోసిన కిరీటం ఆ రెండు మాటలకే దొర్లిపోయింది. నా అబద్ధం ఒక్క చెప్పును కూడా విడిపించలేదు. జనం వాళ్ల మర్యాదకు వాళ్లు విడిచారు. బాధగా ఉందా అంటే ఉంది. ఎంత పెద్ద అబద్ధమో కదా అది, ఎంత శ్రమపడి చెప్పానో!

పెద్దాయన కుర్చీలోంచి తిరగకుండానే, “మేడం, నాది జామకాయ చెంచా. గది పోతే నేను సూర్యాపేటకు పోత,” అన్నాడు.

మేడం నవ్వలేదు. కర్ర పక్కన పెట్టి, ఆమెతో కలిసి కిందికి దిగింది. అందరూ పిట్టగోడ పట్టుకుని తొంగి చూశారు. మేడం తన బూట్లు విప్పింది. ఆమె వాటిలో చెంచా గుచ్చి, జోడు చెంచాను మేడం చేతిలో పెట్టింది. మేడం ఆ స్టూలు మీద కూర్చుని, ఎంతమంది వస్తారు, పండగ రోజుల్లో ఎట్లా పేరుస్తావు, తడి చెప్పులు ఎక్కడ పెడతావు అని అడిగి రాసుకుంది. ఆమెతో పాటే వట్టి కాళ్లతో పైకి వచ్చి, చేతిలో చెంచా తిప్పుతూ అన్నదమ్ములతో అంది.

“ఎస్కలేటర్ కింద మూడు మూలల జాగా ఎప్పుడూ ఖాళీగానే పోతుంది సర్. అరలు కట్టి, ఒక కౌంటర్ పెట్టి, చెప్పుల కోసం ఈమెకే ఇద్దాం. పైన ఎలాగూ బట్టల షాపులే కదా. ఇంతకీ ఇదేంటి, గొడుగా?”

“చేప మేడం,” అంది ఆమె.

పెద్దన్న “చూద్దాం” అన్నాడు. నడిపన్న “చూద్దాం” అన్నాడు. చిన్నతమ్ముడు ఫోన్ చూస్తున్నాడు. కానీ ఇరవై రోజులకు కొత్త ప్లాను వేలాడదీశారు. మెట్ల కింద మూడు మూలల జాగాలో, మిగతా అంతా ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితంలో, ‘చెప్పులు’ అని తెలుగులో రాసి ఉంది. మరో రెండు రోజులకు ఆమెకూ కాగితం వచ్చింది. దాన్ని నాతోనే చదివించుకుంది. ఒక్క అక్షరం కలపకుండా చదివాను. చదివాక ఫోన్ కవర్లమ్మే ఆమెతో ఇంకోసారి చదివించుకుంది.

ఇక ఒట్టు సంగతి. సూదికి భయపడి చెబుతున్నాను, ఇందులో ఒక్క చోట కల్పించాను. మీటింగులో నేను లేచి నిలబడలేదు.

మేడం కర్ర బొట్టు దగ్గర ఆగగానే నేను ఫోన్ చెవికి పెట్టుకుని, “హలో, సిగ్నల్ లేదు, హలో,” అంటూ పెద్ద స్తంభం వెనక్కి పోయాను. ఫోన్ మోగలేదు. మిగతాదంతా అక్కడి నుంచే విన్నాను, తర్వాత తర్వాత తొంగి చూశాను. జనం నవ్వినప్పుడు ఆమె నాకోసం వెతికిందో లేదో కూడా నేను చూడలేదు. వినబడింది మాత్రం ఇది.

“నాకెరుకే మేడం, గది నీళ్ల పైపు డబ్బా అని. కింద ఫోన్ కవర్ల ఆమె ఆనాడే చదివి చెప్పింది. గని బొట్టు పెట్టకపోతే మీరు అడగరు గద. ఇప్పుడు అడిగిన్రు. చెప్త, ఇనుండ్రి.”

తన పదిహేనేళ్లూ ఆమె తనే చెప్పుకుంది, నిలబడి, ఎవరి మీదా నేరం వేయకుండా. చెప్పులు మింగే మెట్ల గురించి కూడా చెప్పింది. “మా గిన్నెల అన్న పుట్టిచ్చిండు మేడం ఆ ముచ్చట. జనం నమ్మే ఇడుస్తున్నరని ఆయన సంబురం. నేను కాదనలె,” అంది. దానికే ఆ పెద్దమ్మ లేచింది. నేను వినడం లేదనుకున్నారు కాబట్టి, ఇద్దరూ కాస్త ప్రేమగానే అన్నారు.

అందరూ వెళ్లాక స్తంభం వెనక నుంచి వచ్చి కిందికి దిగాను. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అక్కడ చెప్పులు విడవలేదు, కింద మూల వాణ్ణి కదా. ఆ రోజు ఆమె స్టూలు ముందు ఆగి, ఎందుకో విడిచాను. ఏదైనా అంటుందని చూశాను. ఆమె నా చెప్పుల్ని తీసి జత చేసి, అందరివాటిలాగే వరసలో పెట్టింది. తర్వాత సంచి అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, ఒక చెంచా తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

పదమూడేళ్లుగా ఎవరికీ ఇవ్వని చెంచా అది. నిజమే, కాస్త మేకలాగే ఉంది.